అమ్మానాన్నల అమెరికా ప్రయాణం.. ఏ పాలసీ మేలు?

ప్రశ్న: మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి డాలస్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారు. అమ్మకి 63, నాన్నగారికి 69. అక్కడ ఉండగానే ఆయనకి 70 నిండుతాయి. పదిహేనేళ్లుగా షుగర్, గుండెకి ఒక స్టెంట్ ఉంది. ఇక్కడి పాలసీ చవకగా ఉంది, తమ్ముడేమో అమెరికాదే కొంటానంటున్నాడు. షుగర్ సంగతి రాయకుండా ఉంటే సరిపోతుందని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఏజెంటు మాట వినకండి. ఎమర్జెన్సీకి వెళ్తే నర్సు మొదట అడిగేదే పాత జబ్బులు, వాడే మందులు. మీ తమ్ముడు ఉన్నదున్నట్టు చెబుతాడు, చెప్పాలి కూడా. ‘షుగర్, పదిహేనేళ్లు’ అని రికార్డులో పడుతుంది. క్లెయిం వచ్చాక కంపెనీ తెప్పించుకునేది ఆ రికార్డునే. మన పాలసీలో దాచినట్టు తేలితే కట్టిన ప్రీమియం కూడా నీళ్లపాలే.

మన కంపెనీల ట్రావెల్ పాలసీలు చవకే. కానీ చాలావాటిలో పెద్ద వయసువాళ్లకి గది అద్దె, ఐసీయూ, ఆపరేషన్ దేనికదే పరిమితి ఉంటుంది. పాత జబ్బుకైతే ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే, అదీ కొంత మొత్తం వరకే ఇస్తారు. కొనాలంటే విమానం ఎక్కకముందే కొనాలి.

అమెరికా విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకంలో డాక్టర్ విజిట్‌కి ఇంత, స్కాన్‌కి ఇంత అని పట్టీ ఉంటుంది. బిల్లు ఎంతైనా ఆ పట్టీలో ఉన్నదే ఇస్తారు. అక్కడి ఆస్పత్రి ధరల ముందు ఆ అంకెలు ఏ మూలకీ రావు. కాంప్రహెన్సివ్ లెక్క వేరు. 500 డాలర్ల డిడక్టిబుల్ (కంపెనీ ఇవ్వడం మొదలయ్యేలోపు మీరు కట్టుకోవాల్సింది), ఆపై 5,000 వరకు కంపెనీ 80 శాతం, ఆ తర్వాత నూరు శాతం అని రాసి ఉందనుకోండి. బిల్లు 12,000 అయితే ముందు 500 మీవి. తర్వాతి 5,000లో 20 శాతం, అంటే 1,000 మీవి. మొత్తం 1,500 పోను మిగతా 10,500 కంపెనీ కడుతుంది. ప్రీమియం కాస్త ఎక్కువైనా మీ నాన్నగారికి నేనైతే ఇదే తీసుకోమంటాను. డిడక్టిబుల్ పాలసీ మొత్తానికి ఒక్కసారా, జబ్బు జబ్బుకీనా అన్నది మాత్రం చూసుకోండి.

అసలు చిక్కు ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే షరతు దగ్గర. పాత జబ్బు ముందు సూచన ఏమీ లేకుండా హఠాత్తుగా తిరగబెట్టాలి, 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి, అప్పుడే వర్తిస్తుంది. రాత్రి ఛాతీలో నొప్పి వచ్చి వెంటనే వెళ్తే ఒక లెక్క. నాలుగు రోజులుగా ఆయాసంగా ఉందని చెప్పి వెళ్తే మరో లెక్క, అప్పుడు ఇవ్వకపోవచ్చు. షుగర్ పరీక్షలు, రోజువారీ మందులు దీని కిందికి రావు. గుండె జబ్బుకి విడిగా తక్కువ పరిమితి ఉందేమో చూడండి. చాలా పాలసీల్లో 70 దాటితే కవరేజీ బాగా పడిపోతుంది. మధ్యలో 70 నిండితే ఏ రోజు వయసు లెక్కలోకి తీసుకుంటారో ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

పాలసీ మొదలయ్యే తేదీ విమానం ఎక్కే రోజే ఉండాలి. బస పెరిగితే గడువు ముగియకముందే పొడిగించాలి. ఒక్క రోజు ఖాళీ వచ్చినా కొత్త పాలసీ కిందే లెక్క, ఈలోపు బయటపడిన జబ్బు కూడా పాత జబ్బైపోతుంది. జ్వరం, దగ్గు లాంటివాటికి ఎమర్జెన్సీకి పరుగెత్తకండి, అర్జెంట్ కేర్ (చిన్నాచితకా జబ్బులు వెంటనే చూసే క్లినిక్) చాలు. ఎమర్జెన్సీకి వెళ్లి అడ్మిట్ కాకపోతే కొన్ని పాలసీలు అదనపు డిడక్టిబుల్ వేస్తాయి. ఆస్పత్రి, డాక్టరు, స్కానింగ్ బిల్లులు వేటికవే వారాల తేడాతో ఇంటికొస్తాయి. మొదటిది కట్టేసి అయిపోయిందనుకోవద్దు. క్లెయింకి వివరాలతో కూడిన బిల్లు, పాస్‌పోర్టు కాపీ పెట్టండి. మందులు చీటీతో సహా, స్ట్రిప్పులు విప్పకుండా పట్టుకెళ్లండి. మామూలుగా అనుమతించేది 90 రోజుల మందులే.

ప్రశ్న: జగిత్యాల నుంచి దుబాయ్ పోతున్నా, పదో తరగతి తప్పిన. ఏజెంటు విజిట్ వీసా మీద పొమ్మంటున్నడు. బీమా ఉంటదా?
– పాఠకుడు

జవాబు: విజిట్ వీసా మీద పోకండి. మీలా పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సినది) ఉన్నవాళ్లు ఉద్యోగ వీసా మీద, ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ క్లియరెన్స్ తీసుకుని వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. యజమాని మారినా పాలసీ పోదు. విజిట్ వీసాతో వెళ్లి అక్కడ మార్చుకుంటే ఈ రక్షణ దొరకదు. ఇది రోజువారీ ఆరోగ్య బీమా కాదు. ఆ బీమా చేయించాల్సింది దుబాయ్ చట్టం ప్రకారం మీ యజమానే, ప్రీమియం మీ జీతంలో కోయకూడదు. పాలసీ కాపీ ఒకటి ఇంట్లోవాళ్లకు ఇచ్చి వెళ్లండి, క్లెయిం చేయాల్సింది వాళ్లే.