గ్రీన్‌లాండ్‌లో ఒక హిమానీనదం మళ్లీ పెరిగిందట. ఇక భయం లేనట్టేనా?

ప్రశ్న అడిగినవారు చదివింది సెర్మెక్ కుయాలెక్ గురించి అయి ఉంటుంది. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని ఆ హిమానీనదాన్ని ఎక్కువమంది జాకబ్‌షావ్న్ అంటారు. 2016 తరువాత దాని వేగం తగ్గి, ముందు భాగం దళసరి ఎక్కి, కొంత ముందుకు జరిగిన మాట వాస్తవమే. ఆ వార్తను పట్టుకొని భూమి వేడెక్కడమే అబద్ధమని తేల్చేవారు మా బరంపురంలోనూ ఉన్నారు. గంజాం తీరంలో పుట్టి, గట్టు ఎలా కూలుతుందో కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి, ఆ వార్త ధైర్యం ఇచ్చేది కాదని, అసలు కారణాన్ని పట్టిచ్చేదని నేను గట్టిగా చెబుతాను.

1997 ప్రాంతంలో అట్లాంటిక్ వైపునుంచి వెచ్చని నీరు ఆ హిమానీనదం దిగే చోటున్న డిస్కో అఖాతంలోకి చేరింది. హిమానీనదం ముందు నీటిపై తేలుతూ ఉండిన మంచు నాలుక పలుచబడి, 2000ల తొలి సంవత్సరాల్లో ముక్కలైపోయింది. 1992లో ఏడాదికి 6 కిలోమీటర్ల లోపు కదిలిన మంచు 2003 నాటికి 12 కిలోమీటర్లు దాటింది. 2012 వేసవిలో రోజుకు 46 మీటర్ల వేగాన్ని అందుకుంది. 2016లో అదే అఖాతపు నీరు 1980ల నడుమ ఉన్నంత చల్లబడగానే పరుగు మందగించింది. ఉత్తర అట్లాంటిక్‌లో కొన్నేళ్లకోసారి వచ్చిపోయే సహజమైన మార్పు ఆ చల్లదనాన్ని తెచ్చింది. నీటి వేడిమికి ఆ మంచు ఇంతగా లోబడి ఉందన్న సంగతే నన్ను కలవరపెడుతుంది.

మా గంజాంలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పోడంపేట అనే మత్స్యకారుల పల్లెను సముద్రం ఇల్లిల్లుగా తీసుకుంది. జనం లోపలికి తరలిపోయారు. మా మావయ్య అక్కడివారే. ఒక వానకాలపు మధ్యాహ్నం ఆయనతో కలిసి కూలిన ఇళ్ల నడుమ తిరుగుతూ, ఒక మొండిగోడా దాన్ని ఆనుకున్న కొబ్బరిచెట్టూ మిగిలి ఉన్న ఇసుక గట్టు అంచుకు వెళ్లబోయాను. ఆ పూట సముద్రం ఏమంత పోటు మీద లేదు. ఆయన నా మోచేయి పట్టి వెనక్కి లాగి, “కెరటం మీదనుంచి కొట్టి కూల్చేస్తాదనుకుంటారు గాని అల్లుడూ, అడుగు తవ్వేసినాకనే గట్టు పడతాది” అన్నారు. వంగి చూస్తే గట్టు కింద నిజంగానే బోలుగా ఉంది. పైన గడ్డి, ఇటుకలు, చెట్టు వేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మేము పది అడుగులు వేశామో లేదో, పెద్ద కెరటం ఒక్కటీ రాకుండానే గోడా చెట్టూ కలిసి నీళ్లలోకి ఒరిగిపోయాయి. సముద్రంలోకి దిగే హిమానీనదం ముఖం కూలే తీరు సరిగ్గా ఇదే.

ధ్రువ సముద్రాలలో పైనీరు చల్లగా ఉన్నా ఉప్పు తక్కువ కాబట్టి తేలుతుంది. వెచ్చని నీరు ఉప్పెక్కువై, బరువై, లోతున సాగుతుంది. వేసవిలో మంచు పైన కరిగిన నీరు పగుళ్ల గుండా నేల దాకా దిగి, హిమానీనదం పాదం దగ్గర సముద్రంలోకి వెలువడుతుంది. మంచినీరు తేలిక కనుక అది మంచు గోడను రాసుకుంటూ పైకి లేస్తుంది, లేస్తూ లోతులోని వెచ్చని నీటిని తనవెంట లాక్కొచ్చి గోడ అడుగును తొలిచేస్తుంది. ఆ తరువాత ఊతం లేని మంచు విరిగిపడుతుంది. గాలి వేడి, నీటి వేడి ఈ విధంగా ఒకదానికొకటి తోడవుతాయి.

దీనికి మంచు కింది నేల వాలు కూడా తోడైతే మార్పు మెల్లగా సాగదు, గంతులు వేస్తుంది. హిమానీనదం తాను మోసుకొచ్చిన రాళ్లనూ మట్టినీ ముఖం ముందు దిబ్బగా పోసుకొని, దానికి ఆనుకొని దశాబ్దాలు నిలవగలదు. ఆ దిబ్బను విడిచి వెనుక ఉన్న లోతులోకి జారిందంటే త్వరగా ఆగదు. అలాస్కాలోని కొలంబియా హిమానీనదం 1980 ప్రాంతంలో దిబ్బను వదిలి, ఆ తరువాత 20 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. అంటార్కిటికాలో దాదాపు 120 కిలోమీటర్ల వెడల్పున్న థ్వైట్స్ హిమానీనదం కింద నేల లోపలికి పోయేకొద్దీ లోతవుతుంది. అది పూర్తిగా పోతే ప్రపంచ సముద్రమట్టం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది.

మన టీవీలపై నాకు చాలా కోపం ఉంది. విరిగిపడే మంచుకొండను పదేపదే చూపిస్తారు, అడుగున ఉన్న నీటి గురించి ఒక్క ముక్క చెప్పరు. ఆర్కిటిక్‌లోని స్వాల్బార్డ్ దీవుల్లో కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయలో 2014లో మన దేశ శాస్త్రవేత్తలే ఇండార్క్ అనే పరికరాల వరుసను నీటిలో దించి, లోతున వేడిమినీ ఉప్పదనాన్నీ కొలుస్తున్నారు; దాని పేరైనా విన్న తెలుగువారు ఎందరు? తేలే మంచు కరిగితే మట్టం పెరగదు కదా అని వాదించేవారికి అంటార్కిటికాలో 2002లో విచ్ఛిన్నమైన లార్సెన్-బి మంచు పలకను గుర్తు చేస్తాను. అది తేలేదే, కానీ అడ్డు తొలగగానే దాని వెనుక నేలమీదున్న హిమానీనదాలు అనేక రెట్లు వేగంతో సముద్రంలోకి వచ్చాయి.

పోడంపేటను ధ్రువాల మంచు మింగిందని నేను అనను; మొగ జరగడం, ఇసుక కదలిక, తుపానులు అక్కడ ముందుగా చెప్పవలసిన కారణాలు. అయితే 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ప్రతి పోటూ ఇప్పుడు ఆ ఎత్తునుంచే మొదలవుతుంది. పైగా ఈ పెరుగుదల అంతటా ఒకేలా ఉండదు. పెద్ద మంచు రాశి తన ఆకర్షణతో సముద్రాన్ని దగ్గరకు లాగి ఉంచుతుంది. ఆ రాశి తరిగినప్పుడు పట్టు సడలి, దాని చుట్టూ మట్టం తగ్గి, దూరపు తీరాలలో పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు పోతే గ్రీన్‌లాండ్ రేవులలో నీరు దిగుతుంది, అంటార్కిటికా మంచు పోతే ఉత్తరార్ధగోళం సగటుకు మించిన వాటా మోస్తుంది. గంజాం రెండింటికీ దూరమే.