20 జీపీఎం అంటే గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లు: 4.54, 5.46, 3.8లలో ఏది నిజం?

మీరు అడిగింది ఇదీ: అమెరికా పంపు ప్లేటు మీద 20 జీపీఎం (నిమిషానికి 20 గాలన్లు) అని ఉంది. ఒక కాలిక్యులేటర్ గంటకు 4.54 క్యూబిక్ మీటర్లు అంటోంది, ఇంకోటి 5.46 అంటోంది, పైపుకు బిగించిన మీటరేమో 3.8 దాటడం లేదు. ఏది నమ్మాలి? మిగతా ఫ్లో యూనిట్లను ఎలా మార్చాలి?

పంపు అమెరికాదే అంటున్నారు కాబట్టి ప్లేటు లెక్కకు 4.54 కరెక్టు. 5.46 బ్రిటిష్ గాలన్‌తో వేసిన లెక్క. మీటరు చూపించే 3.8 కూడా చాలావరకు నిజమే అయ్యుంటుంది, కాకపోతే దాని కారణం యూనిట్లలో లేదు, కరెంటులో ఉంది.

ముందు గాలన్ సంగతి. అమెరికా గాలన్ 231 క్యూబిక్ అంగుళాలు, అంటే 3.785 లీటర్లు. బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు, అంటే 20 శాతం పెద్దది. ప్లేటు మీద వట్టి 'జీపీఎం' అనే ఉంటుంది, ఏ గాలనో రాయరు. అందుకే ముందు తయారైన దేశం చూడాలి. పాత బ్రిటిష్ పంపులు, వాటి కేటలాగులు అయితే అనుమానించాల్సిందే.

లెక్క వేసేటప్పుడు ఒకే అంకెతో గుణించేకంటే మెట్లుగా రాసుకుంటే తప్పు జరగదు. 20ని 3.785తో గుణిస్తే నిమిషానికి 75.7 లీటర్లు. దాన్ని 60తో గుణిస్తే గంటకు 4,542 లీటర్లు. వెయ్యితో భాగిస్తే 4.54 క్యూబిక్ మీటర్లు. మూడు మెట్లూ కలిపితే 0.2271 అవుతుంది, టేబుళ్లలో కనిపించేది ఇదే. వెనక్కి రావాలంటే 4.403తో గుణించండి. ఇక్కడొక తమాషా ఉంది: మీ జవాబు 4.54, బ్రిటిష్ గాలన్‌లో లీటర్లు 4.546. యాదృచ్ఛికమే, కానీ ఏదైనా టేబుల్‌లో 4.54 కనిపిస్తే అది జవాబా, గుణకమా అని ఒకసారి చూసుకోండి.

కాగితం లేనప్పుడు నిమిషానికి లీటర్లను నాలుగుతో భాగించి, వచ్చినదానికి ఐదారు శాతం కలపండి, జీపీఎం వచ్చేస్తుంది. పంపు ఎంచుకోవడానికి అది చాలు. బిల్లింగ్ మీటరుకైతే 3.785411784 పూర్తిగా వాడాలి.

ఇక 3.8 ఎందుకు వస్తోందంటే, అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి పంపు రేటింగ్ ఆ వేగానికే ఇస్తారు. మీ దగ్గర లైను 50 హెర్ట్జ్ అయితే మామూలు ఇండక్షన్ మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నీళ్లూ దాదాపు అదే దామాషాలో తగ్గుతాయి: 4.54ను 0.833తో గుణిస్తే 3.78. సెంట్రిఫ్యూగల్ పంపైతే హెడ్డు (నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదో అది) ఇంకా ఎక్కువ పడిపోతుంది, 0.833 స్క్వేర్ అంటే 0.694కి. నీళ్లు పైకెక్కాల్సిన ఎత్తు ఎక్కువగా ఉన్నచోట ఫ్లో కూడా ఈ లెక్కకంటే తక్కువే వస్తుంది. 60 హెర్ట్జ్ మోటారును అదే వోల్టేజీతో 50 మీద నడిపితే లోపలి ఇనుప కోర్ శాచురేట్ అయి (అయస్కాంత శక్తిని ఇక మోయలేక) వేడెక్కుతుంది కూడా, కాబట్టి ప్లేటు మీద '50/60' అని ఉందో లేదో చూసుకోండి.

అమెరికా గాలన్‌ను బ్రిటిష్ గాలన్‌తో భాగించినా 0.833 వస్తుందన్నది గమనించారా? 20 చోట 16.7 వస్తోందంటే గాలన్ పొరపాటా, హెర్ట్జ్ తేడానా అన్నది అంకెను బట్టి తేలదు. బకెట్‌తో కొలవాల్సిందే.

20 లీటర్ల బకెట్ అని రాసి ఉన్నదాన్ని అలాగే నమ్మకండి, అంచు దాకా నింపితే ఎక్కువే పట్టొచ్చు. ఖాళీ బకెట్ తూకం వేసి, 20 కిలోల నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర గీత పెట్టుకోండి. పంపును మామూలుగా పనిచేసే ఎత్తులోనే, అదే పైపుతో నడిపి, గీత దాకా నిండే సెకన్లు కొలవండి. 1200ను ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి లీటర్లు. 16 సెకన్లలోపే నిండితే పంపు నిజంగా 20 జీపీఎం ఇస్తోంది, మీటరుదే తప్పు. 19 సెకన్లు పడితే నిమిషానికి 63 లీటర్లు, అంటే గంటకు 3.8, మీటరు సరిగ్గానే ఉంది. పైపు కిందికి దించి బకెట్‌లో పడేస్తే హెడ్డు తగ్గి ఎక్కువ నీళ్లొస్తాయి, ఆ కొలత పనికిరాదు.

మిగతా యూనిట్లు అడిగారు కాబట్టి: సెకనుకు లీటరు అంటే 15.85 జీపీఎం. ఒక సీఎఫ్ఎం (నిమిషానికి ఒక ఘనపుటడుగు) అంటే నిమిషానికి 28.32 లీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.32 లీటర్లు, 448.8 జీపీఎం. ఈ రెండింటికీ అంకె ఒకటే, నిమిషం-సెకను తేడాతో అరవై రెట్లు తప్పిపోతుంది. ఎంజీడీని (రోజుకు మిలియన్ గాలన్లు) 3.785తో గుణిస్తే ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు). ఆర్‌ఓ మెంబ్రేన్ మీద 75 జీపీడీ (రోజుకు 75 గాలన్లు) అంటే రోజంతా నడిస్తే 284 లీటర్లు, గంటకు 12 లోపే. అదీ ప్లేటు మీద చెప్పిన ప్రెషర్ ఉన్నప్పుడే.

ఎక్కువమంది బోల్తా పడేది వాల్వుల దగ్గర. వాల్వు ఎంత ఫ్లో వదలగలదో చెప్పే అంకెలు సీవీ, కేవీ. సీవీ అంటే 1 పీఎస్‌ఐ (అమెరికా ప్రెషర్ యూనిట్) తేడా మీద పోయే జీపీఎం. కేవీ అంటే 1 బార్ (మెట్రిక్ ప్రెషర్ యూనిట్) తేడా మీద గంటకు పోయే క్యూబిక్ మీటర్లు. సీవీ 10 కాబట్టి కేవీ 2.27 అనేస్తారు, కానీ ఇక్కడ ఫ్లో ఒక్కటే కాదు, ప్రెషర్ యూనిట్ కూడా మారింది. బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, ఫ్లో దాని వర్గమూలం ప్రకారం పెరుగుతుంది, అంటే 3.81 రెట్లు. 0.2271ని 3.81తో గుణిస్తే 0.865, కాబట్టి కేవీ 8.65. నాలుగు రెట్లు చిన్న అంకె అనుకుని వాల్వు ఎంచుకుంటే అనవసరంగా పెద్దది కొంటారు, అది కాస్త తెరిచినా ఎక్కువ నీళ్లు వదిలి కంట్రోల్ నిలకడగా ఉండదు. ఫైర్ స్ప్రింక్లర్ కే-ఫ్యాక్టర్ (ప్రెషర్‌ను బట్టి ఎంత నీళ్లు వదులుతుందో చెప్పే అంకె) కూడా ఇలాంటిదే: అమెరికా 5.6ను 14.4తో గుణిస్తే మెట్రిక్‌లో 80 అని పిలిచేది వస్తుంది.

నీళ్లు పోయేకొద్దీ పల్సులు ఇచ్చే ఫ్లో మీటర్లలో గుణించే చోట భాగించాలి, లెక్క దిశ తిరగబడుతుంది. గాలన్‌కు 1000 పల్సులంటే లీటరుకు 264. లీటరు చిన్నది కాబట్టి పల్సులు తగ్గాలి, 3.785తో భాగించాలి. అలవాటు కొద్దీ గుణించి 3785 అని ఎక్కిస్తే డిస్‌ప్లే అసలుకంటే 14.3 రెట్లు తక్కువ చూపిస్తుంది. అసలు మార్చకుండా 1000 అనే వదిలేస్తే 3.8 రెట్లు తక్కువ. కాబట్టి రీడింగ్ ఎన్ని రెట్లు తప్పిందో చూస్తే చాలు, కారణం దొరికిపోతుంది.

గాలి, గ్యాస్ విషయంలో మాత్రం వాల్యూమ్ గుణకం ఒక్కటీ సరిపోదు. 100 ఎస్‌సీఎఫ్ఎంని ('స్టాండర్డ్' పరిస్థితుల్లో నిమిషానికి ఘనపుటడుగులు) 1.699తో గుణిస్తే గంటకు 169.9 క్యూబిక్ మీటర్లు వస్తుంది, కానీ అది 'నార్మల్' క్యూబిక్ మీటర్లు కాదు. నార్మల్ అంటే సాధారణంగా 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినది, అమెరికా 'స్టాండర్డ్' 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కావచ్చు, 68 దగ్గర కావచ్చు. 60 డిగ్రీలైతే నార్మల్‌లో 160.7, 68 అయితే 158.3. కంప్రెసర్ కొనేటప్పుడు ఈ ఆరేడు శాతం లెక్కలోకి వస్తుంది, కాబట్టి కొటేషన్‌లో ఏ టెంపరేచర్, ఏ ప్రెషర్ అన్నది రాయించుకోండి.