గ్రానైటా, బసాల్టా? రాళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గ్రానైట్, బసాల్ట్ రెండూ అగ్నిశిలలే కదా. ఒకదానిలో పలుకులు కంటికే కనిపిస్తాయి, రెండోది నున్నటి నల్ల ముద్దలా ఉంటుంది. ఎందుకని?

జవాబు: చల్లబడిన వేగం వల్ల. గ్రానైట్ అయ్యే శిలాద్రవం కిలోమీటర్ల లోతున ఉండిపోతుంది. చుట్టూ ఉన్న రాయి వేడిని తొందరగా పోనివ్వదు కాబట్టి, గడ్డకట్టడానికి వేల నుంచి లక్షల ఏళ్లు పడుతుంది. అంత తీరిక దొరికితే స్ఫటికాలు కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కోసారి సెంటీమీటరు దాటి పెరుగుతాయి. బసాల్ట్ అలా కాదు. 1100 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ వేడితో లావాగా పైకొచ్చి, పల్చటి పొరైతే రోజుల్లోనే గట్టిపడుతుంది. అందులోనూ స్ఫటికాలు పుడతాయి గానీ, చాలావరకు మిల్లీమీటరుకు ఎదగకముందే ఆగిపోతాయి.

రంగు సంగతి వేరు. అది రాయిలో ఏముందో చెబుతుంది. గ్రానైట్‌లో సిలికా సుమారు 70 శాతం, అందుకే లేత రంగు. బసాల్ట్‌లో 45 నుంచి 52 శాతమే. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ కాబట్టి నలుపు. గ్రానైట్ సరుకే పైకొచ్చి త్వరగా చల్లారితే రయోలైట్, బసాల్ట్ సరుకే లోతున నెమ్మదిగా చల్లారితే గాబ్రో. పలుకునూ రంగునూ విడివిడిగా చూడడం అలవాటైతే సగం తికమక పోతుంది.

ప్రశ్న: మరి ‘నల్ల గ్రానైట్’ అని అమ్మే పలకలో?

జవాబు: అది వ్యాపారం పెట్టిన పేరు. వాటిలో చాలావరకు డోలరైట్ లేదా గాబ్రో, అంటే రసాయనికంగా బసాల్ట్‌కు చుట్టాలు. మెరుగు పెట్టడానికి వీలైన గట్టిరాయి ఏదైనా వాళ్ల లెక్కలో గ్రానైటే. పరీక్షలో మాత్రం అలా రాయకండి.

ప్రశ్న: ప్రయోగశాల లేకుండా ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

జవాబు: చాలావరకు వీలవుతుంది. ముందు తాజా పగులు కావాలి. ఎండకూ వానకూ పాతబడ్డ పైపొర ఏ రాయినైనా గోధుమ రంగులోకి తెచ్చి మోసం చేస్తుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, రాళ్లు కొట్టే సుత్తితో ఒక పెచ్చు లేపండి. వడ్రంగి సుత్తి వాడొద్దు, దాని అంచే పగిలి ఎగరొచ్చు.

ఆ పెచ్చును ఎండలో పట్టుకుని, పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తూ మెల్లగా తిప్పండి. చదునైన ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి తళుక్కుమంటే అవి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. వాటి మధ్య ఎటు తిప్పినా తళుక్కుమనకుండా, జిడ్డు పట్టిన గాజుముక్కలా బూడిదరంగులో ఉండేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. అది ధారాళంగా కనిపిస్తే బసాల్ట్ కాదని రాసుకోవచ్చు. చాకుతో గీసినా దాని మీద గీత పడదు.

తర్వాత సాంద్రత. ఒక గ్రాము వరకు తూచే తూకం చాలు. పొడి రాయిని తూచండి. నీళ్ల గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి పూర్తిగా ముంచి వేలాడదీయండి. ఇప్పుడు కనిపించే గ్రాములే దాని ఘనపరిమాణం మిల్లీలీటర్లలో. 530 గ్రాముల రాయికి 200 చూపిస్తే సాంద్రత 2.65, గ్రానైట్‌కు సరిపోతుంది. 183 చూపిస్తే 2.9, బసాల్ట్ వైపు మొగ్గు.

లెక్క తప్పేది ఇక్కడే. రాయి గిన్నె అడుగుకు తగిలితే దాని బరువు కూడా తూకంలోకి వచ్చేస్తుంది. గాలి బుడగలు అంటుకున్నా, లావాలోని వాయువు వదిలిన బొరియలు ఉన్నా బసాల్ట్ తేలికగా కనిపిస్తుంది. చిన్న రాయి అసలే వద్దు: 30 గ్రాముల ముక్కకు 11 బదులు 10 చూపిస్తే 2.7 కాస్తా 3.0 అవుతుంది, గ్రానైట్ బసాల్టైపోతుంది. కనీసం 300 గ్రాములు ఉండాలి.

అయస్కాంతం సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న బసాల్ట్ దారానికి వేలాడే అయస్కాంతాన్ని లాగుతుంది గానీ, కొన్ని గ్రానైట్లూ లాగుతాయి. ఆమ్లం చుక్కకు బసాల్ట్ బుసబుసమంటే అది సున్నపురాయని కంగారుపడకండి. బొరియల్లో చేరిన కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం పని అది.

ప్రశ్న: ఆరుబయట మంట చుట్టూ పేర్చడానికి ఏది మేలు?

జవాబు: బొరియలు లేని, బాగా ఆరిన బసాల్ట్. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర నిర్మాణం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. పక్కనున్న ఫెల్డ్‌స్పార్ అంతగా ఉబ్బదు కాబట్టి పలుకుల మధ్య పగుళ్లొస్తాయి, పెచ్చులు ఊడతాయి. ఏరులోంచి అప్పుడే తీసిన రాయైతే ఏ రకమైనా పెట్టకండి, లోపలి తడి ఆవిరై రాయి పేలుతుంది.