నెస్టా కోలుకున్నది ప్రేమ వల్లనా, స్నేహితురాళ్ల వల్లనా?

మీరు అడిగింది ఇది: అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు, ‘ఎ కోర్ట్ ఆఫ్ సిల్వర్ ఫ్లేమ్స్’ చదవమని తెలిసినవాళ్లంతా చెబుతున్నారు, అందులో నాయిక దుఃఖం నుంచి బయటపడేది నాయకుడి ప్రేమ వల్లనే అయితే నాకు వద్దు.

చదవండి. ఎందుకు చదవమంటున్నానో చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి.

మా నాన్న 2022లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. చివరి నెలన్నర ఇంట్లోనే ఆక్సిజన్ యంత్రం పెట్టాం. ఆ యంత్రానికి నీళ్లు పోసిన చిన్న సీసా ఒకటి తగిలించి ఉంటుంది. గాలి ఆ నీళ్లలోంచి బుడగలు బుడగలుగా వచ్చి గొట్టంలోకి వెళుతుంది. రాత్రంతా ఇంట్లో అదే చప్పుడు. అమ్మ, తమ్ముడు, నేను వంతులు వేసుకుని మేలుకునేవాళ్లం. ఆ రాత్రి రెండు నుంచి నా వంతు. కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచేసరికి సీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి. నాన్న లేరు.

తర్వాత ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి హాస్టల్లో చేరాను. వరండాలో స్టాండు మీద బోర్లించిన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఉండేది. ఎవరు కుళాయి తిప్పినా గాలి లోపలికి పోయి గుడగుడమనేది. ఆ చప్పుడు వింటే నా కాళ్లు ఆడేవి కావు. ఆఫీసులో సీసా నింపుకుని వచ్చి, అది అయిపోతే దాహంతోనే పడుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమంత పెద్ద విషయం, నీళ్ల క్యానే కదా?

ఈ నవల చేతికొచ్చింది అప్పుడే. మాయాశక్తులు, రెక్కల మనుషులు ఉండే ఊహాలోకపు కథ ఇది. నాయిక నెస్టా తన గదిలో నిప్పు రాజేయనివ్వదు. యుద్ధంలో ఆమె కళ్లెదుటే తండ్రి మెడ విరిచి చంపారు. కట్టె చిటపటమన్నప్పుడల్లా ఆమెకు ఆ ఎముక విరిగిన చప్పుడే వినిపిస్తుంది. చలికి వణుకుతుంది గానీ మంట వద్దంటుంది. తన దగ్గర అంత మాయాశక్తి ఉండి కూడా తండ్రిని కాపాడలేదన్నది ఆమెను తినేస్తూ ఉంటుంది. పేదరికంలో పిల్లల కోసం ఏమీ చేయలేదని ఏళ్ల తరబడి ఆయన్ని ద్వేషించింది కూడా. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని మొదటిసారి అనిపించింది, ఆమె కల్పిత పాత్రే అయినా.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. నాయకుడు కాసియన్ ఆమెను ప్రేమిస్తాడు, యుద్ధవిద్య నేర్పుతాడు. ఆమె చేయకూడని పని చేసి చెల్లెలి మనసు గాయపరిచినప్పుడు కొండల్లోకి తీసుకెళ్లి, ఆమె ఏడ్చేదాకా పక్కనే నడుస్తాడు. అతని పాలు తక్కువ కాదు. అయితే నెస్టాలో మార్పు ఎక్కడ మొదలవుతుందో గమనించండి. ఆమెను గ్రంథాలయంలో పనికి పెడతారు. అక్కడ గ్విన్ అనే పూజారిణి తన పై విదుషీమణికి పొరపాటున ఒక పుస్తకానికి బదులు ఇంకొకటి ఇచ్చి, చీవాట్లు తప్పవని హడలిపోతూ ఉంటుంది. నెస్టా వెళ్లి ఆ పుస్తకం మార్చి వస్తుంది. అంతే జరిగింది. అప్పటిదాకా అందరూ నెస్టాను బాగుచేయవలసిన మనిషిగా చూశారు. చెల్లెలు, చెల్లెలి భర్త, కాసియన్, అందరూ. ఆమెతో ఒకరికి అవసరం పడడం, ఆ అవసరాన్ని ఆమె తీర్చగలగడం మాత్రం అక్కడే మొదలు. నా దృష్టిలో ఆ నవలకు గుండెకాయ అదే.

గ్విన్ గతం చాలా దారుణమైనది. ఆమె ఉన్న ఆలయం మీద దాడి జరిగింది. కవల సోదరి చనిపోయింది. తన మీద అత్యాచారం జరిగింది. ఆ తర్వాత గ్రంథాలయం గడప దాటలేదు. ఇంకో స్నేహితురాలు ఎమరీకి కొండల్లో ఒక దుకాణం ఉంది. పుట్టుకతో రెక్కలున్న జాతి ఆమెది. కన్నతండ్రే ఆ రెక్కలు కత్తిరించాడు. ముగ్గురూ కలిసి రోజూ సాధన చేస్తారు, పాత కాలపు యోధురాళ్ల సంగతులు తవ్వి తీస్తారు, కదలకుండా కూర్చుని వచ్చిన ఆలోచనను వచ్చినట్లే పోనివ్వడం నేర్చుకుంటారు, ప్రేమ నవలలు ఒకరికొకరు ఇచ్చుకుంటారు, దారాలతో కంకణాలు అల్లుకుంటారు. ఏం జరిగిందో చెప్పమని ఎవరూ ఎవరినీ నిలదీయరు. చాలా కాలం పక్కపక్కన చెమటోడ్చాకే నోరు విప్పుతారు. గాలిలో వేలాడే రిబ్బన్‌ను ఒకే కత్తివేటుతో రెండుగా తెంచే పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో ముందు గెలిచేది నెస్టా కాదు, గ్విన్. నాయికకు దక్కవలసిన ఆ క్షణాన్ని స్నేహితురాలికి ఇచ్చినందుకు రచయిత్రి సారా జె. మాస్ మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మెట్ల సంగతి కూడా చెప్పాలి. నెస్టాను ఉంచిన భవనం కొండకొమ్మున ఉంటుంది. రెక్కలు లేనివాళ్లకు కిందికి దారి పది వేల మెట్లు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు పది వేలంటే ఏమిటో మోకాళ్లకు తెలుస్తుంది. మొదటిసారి కొన్ని దిగి, ఇక చేతగాక తిరిగి పైకి పాకుతుంది. తర్వాత మళ్లీ దిగుతుంది, కాస్త ఎక్కువ. దుఃఖంలో ఉన్నవాళ్ల రోజులు అచ్చం అలాగే ఉంటాయి.

నాకు నచ్చనిదీ ఉంది. కథ మొదట్లో ఇంటివాళ్లు ఆమె తాగుడు, ఖర్చులు చూసి, ఆమె ఇష్టంతో పనిలేకుండా ఆ కొండ మీద పెట్టేస్తారు. ప్రేమతోనే చేశారని నవల మనల్ని ఒప్పించాలని చూస్తుంది. నేను ఒప్పుకోలేకపోయాను. దిగలేని చోట ఉంచి బాగుపడమనడం ప్రేమ కాదు. కోలుకోవడం ఆ ఏర్పాటు వల్ల కాదు, ఆ ఏర్పాటులో కూడా ఆమె వెతుక్కున్న మనుషుల వల్లే జరిగిందని నేను చదువుకున్నాను.

హాస్టల్ సంగతి పూర్తి చేస్తాను. నా పక్క మంచం అమ్మాయి బ్యాంకు పరీక్షకు చదివేది. ఒక రోజు, "అక్కా, ఈ శాతాల లెక్కలు నాకు ఎక్కడం లేదు, చెబుతావా?" అంది. తెల్లవారుజామున అయిదింటికి లేచి చెప్పడం మొదలుపెట్టాను. నాన్న పోయాక నేను ఒకరి కోసం నిద్ర లేచింది అదే మొదటిసారి. కొన్నాళ్లకు గమనించాను, రాత్రి పడుకునే వేళకు నా సీసా నిండుగా ఉంటోంది. ఆమె ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పరీక్ష రాయడానికి ఆమె ఊరెళ్లిన రాత్రి సీసా ఖాళీగా ఉంది. వరండాలోకి వెళ్లి కుళాయి తిప్పాను. సీసా నిండేదాకా క్యాను గుడగుడమంటూనే ఉంది. ఏడుస్తూనే నిలబడ్డాను గానీ, కదలలేదు. ఆమె తిరిగి వచ్చాక నాన్న సంగతి మొత్తం చెప్పాను.

చదివే ముందు కొన్ని జాగ్రత్తలు. ఇది 2021లో వచ్చింది, వరుసలో అయిదో పుస్తకం. మొదటివి చదవకపోతే నెస్టా మీద అందరికీ అంత కోపం ఎందుకో పూర్తిగా అందదు. శృంగారం చాలా దాపరికం లేకుండా ఉంటుంది, పెద్దవాళ్ల పుస్తకం. తాగుడు, అత్యాచారపు జ్ఞాపకాలు, బతకాలని లేకపోవడం, ఇవన్నీ ఉంటాయి. ఇప్పుడు మీ మనసు వాటిని మోయలేదనిపిస్తే పక్కన పెట్టేయండి, పుస్తకం ఎక్కడికీ పోదు. కొండల్లో నడిచే అధ్యాయాలు వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరైనా ఉన్న రోజు చూసుకుని చదవండి.

మొదటి భాగంలో విసుగు పుట్టి ఆపేయాలనిపించవచ్చు. సాధనకు వచ్చేవాళ్లు పేర్లు రాయమని నెస్టా గ్రంథాలయంలో ఒక కాగితం అంటిస్తుంది. అది ఖాళీగానే ఉంటుంది. దాని మీద గ్విన్ పేరు కనిపించేదాకా ఓపిక పట్టండి. అక్కడికి చేరాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.