పికప్‌కి ఏ టైర్లు వేయించాలి? డల్లాస్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివా. సెకండ్ హ్యాండ్‌లో 2016 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నావ్, వారమంతా ఇర్వింగ్‌లో ఆఫీసు, వీకెండ్ సెలీనా అవతల ఫ్రెండ్స్‌తో కలిసి తీసుకున్న రెండెకరాలు, మధ్యలో బతుకమ్మకి టెంట్లు మోయడం, డిసెంబర్‌లో మంచు చూడ్డానికి కొలరాడో. వీటన్నిటికీ ఒకే టైరు కావాలి, అదీ చవగ్గా. అలాంటిది ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు కానీ డబ్బు వేస్ట్ కాకుండా ఎలా కొనాలో చెప్తా, ఆ చదువుకి ఫీజు నేను ముందే కట్టేశా.

కొత్తలో నేను ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. నాలుగు కొత్త టైర్లంటే వెయ్యి డాలర్ల మాట, ఆ డబ్బుతో ఊళ్ళో మంచి సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది కదా అని ప్రాణం ఒప్పక, రోడ్డు పక్క యూజ్డ్ టైర్ల షాపులో మూడొందల లోపే నాలుగూ వేయించా. బటన్లు లోతుగా ఉన్నాయి, పాలిష్ కొట్టి నిగనిగలాడుతున్నాయి, ఇంకేం కావాలి. జులై ఎండలో ఐ-35 మీద వేకో దాటాక వెనక టైరు పైపొర లేచి ఫెండర్‌కి ఫట్ ఫట్‌మని కొట్టుకుంటూ మొత్తం ఊడిపోయింది. టోయింగ్ ఖర్చు, ఫెండర్ రిపేరు, ఆ ఊళ్ళో దొరికిన షాపు వాడు చెప్పిన రేటుకి మళ్ళీ కొత్త టైర్లు, అన్నీ కలిపితే ముందే కొత్తవి కొని ఒకసారి ఇండియా వెళ్ళొచ్చేవాణ్ణి. తర్వాత సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద, ఎప్పుడు తయారైందో చెప్పే డాట్ నంబర్ చూస్తే ఆ టైరు నాకంటే ముందే అమెరికా వచ్చింది! చివరి నాలుగంకెలు చూడాలి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. పూర్తి నంబర్ ఒకవైపే ఉంటుంది కొన్నిటికి, కనపడకపోతే లోపలి వైపు చూడమను. ఆరేళ్ళు దాటిన రబ్బరుని టెక్సస్ ఎండలో నమ్మొద్దు, బటన్ ఎంతున్నా సరే. కొత్తవి కొనేటప్పుడు కూడా ఆ అంకె చూశాకే కార్డు గీకు, మొహమాటపడకు.

ఆ తర్వాత నాకు బురద కోసం చేసే పెద్ద బటన్ల మడ్ టైర్ల మోజు పట్టింది, నీకూ పట్టేలా ఉంది నువ్వు పంపిన ఫొటో చూస్తే. లుక్ బాగుంటుంది, కాదనను. 70లో వెళ్తుంటే మాత్రం బండి లోపల పిండిమర తిరుగుతున్నట్టు ఉండేది, మీ వదిన ఫోన్ మాట్లాడలేక నన్ను తిట్టేది, పెట్రోలు ఎక్కువ తాగేది. పోనీ మట్టిలోనైనా పనికొచ్చాయా అంటే, సెలీనా వైపు ఉండేది అచ్చం మన గుంటూరు, ఆదిలాబాద్ పత్తి చేలల్లో ఉండే నల్లరేగడి, ఇక్కడా ఒకప్పుడు పత్తే పండించేవాళ్ళు. తడిస్తే బటన్ల మధ్య కూరుకుపోయి నాలుగు చక్రాలూ నున్నగా అయిపోతాయి, ఎంత పెద్ద బటన్ అయినా అంతే. వాన పడ్డాక రెండు మూడు రోజులు చేలోకి బండి దింపకు, ఇది మన తాతలకి తెలిసిన విషయమే, దానికి డాలర్లు పెట్టక్కర్లేదు.

అసలు లెక్క ఇది. ఆఫీసుకి వారానికి మూడొందల మైళ్ళు అవుతుందనుకో, చేలో మట్టి మీద తిరిగేది మహా అయితే ఒక మైలు. కాబట్టి డబ్బు పెట్టాల్సింది రోడ్డుకే. వెయ్యి డాలర్ల సెట్‌కి అరవై వేల మైళ్ళ వారంటీ ఉంటే మైలుకి సెంటున్నర పైచిలుకు, పదకొండొందల సెట్ నలభై వేలకే అరిగితే దాదాపు మూడు సెంట్లు. బిల్లు కాదు, మైలు రేటు చూడు. నీకైతే మెత్తటి రకం ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే టైరు) చాలు. కంకర దారి ఉంది, మెస్కీట్ ముళ్ళు ఉన్నాయి (మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే అది, పంక్చర్లు చెయ్యడంలో కూడా), అందుకని పూర్తి హైవే టైరు వద్దంటున్నా.

షాపు వాడు పది ప్లై ఎల్టీ (లైట్ ట్రక్), లోడ్ రేంజ్ ఈ, అంటే ఎక్కువ బరువు మోసే గట్టి టైర్లు తీసుకోమంటాడు, ట్రక్కుకి అదే బలం అంటాడు. బలం నిజమే, కానీ బరువెక్కువ, గట్టిగా కుదుపుతుంది, చాలా మోడల్స్‌లో వారంటీ మైళ్ళు తక్కువ. పైగా బండి మోసే బరువు టైరు మార్చితే పెరగదు. డ్రైవర్ డోర్ తెరిస్తే స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లో రాసి ఉంటుంది, అదే హద్దు. తోటకి ఒక క్యూబిక్ యార్డ్ మట్టి వేయించుకుంటే తేలిగ్గా 2000 పౌండ్లు, నీ బండికి అది ఎక్కువే అవ్వొచ్చు, రెండు ట్రిప్పులు వెయ్యి. నెలనెలా ట్రెయిలర్ లాగుతానంటే అప్పుడు ఎల్టీ ఆలోచించు, కాకపోతే వాటికి స్టిక్కర్ మీద ఉన్న 35 పీఎస్ఐ గాలి చాలదు, ఎంత బరువుకి ఎంత గాలో ఉండే లోడ్ టేబుల్ చూసి ఎంత కొట్టాలో షాపు వాణ్ణే చెప్పమను.

కొలరాడోకి సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు ఉన్న గుర్తు చూసి కొను. ఐ-70 మీద సెప్టెంబర్ నుంచి మే దాకా ట్రాక్షన్ రూల్ (మంచులో జారకుండా టైర్లు ఎలా ఉండాలో చెప్పేది) ఉంటుంది, బటన్ లోతు 3/16 అంగుళం ఉండాలి, మిగతాది కొలరాడో వాళ్ళ సైట్‌లో చూసుకో. టెక్సస్‌లో 2025 నుంచి మన బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, అంటే అరిగిందని చెప్పేవాడు లేడు, నువ్వే చూసుకోవాలి.

రేటు అడిగేటప్పుడు టైరు ధర అడక్కు, అన్నీ కలిపి బయటికి వచ్చేసరికి ఎంత అని అడుగు. ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, పాత టైర్లు పారేసే ఫీజు, వాల్వ్ కిట్, పైన 8.25 శాతం టాక్సు, ఇవన్నీ చివర్లో వచ్చి పడతాయి. కాస్ట్‌కో మెంబర్‌షిప్ ఉంటే అక్కడా అడుగు, వాళ్ళ దగ్గర కొన్న టైర్లకి రొటేషన్ (సమానంగా అరిగేలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం) ఫ్రీగా చేస్తారు. ఆ రొటేషన్ కాగితాలు దాచుకోకపోతే వారంటీ అడిగినప్పుడు చెయ్యి ఊపేస్తారు. నైట్రోజన్ గాలికి విడిగా డబ్బులడిగితే వద్దని చెప్పు, మామూలు గాలిలో 78 శాతం అదే. అలైన్‌మెంట్ మాత్రం చేయించు, పాతవి ఒకవైపే అరిగి ఉంటే తప్పనిసరి.

బండి కింద వేలాడుతున్న స్పేర్ కూడా 2016దే అయ్యుంటుంది, దించి చూడు. దించేసిన నాలుగిట్లో వయసు తక్కువది, బటన్ మిగిలినది ఉంటే అదే స్పేర్‌కి ఎక్కించమను, ఎక్కించినందుకు పాతిక ముప్ఫై డాలర్లు, కొత్తదైతే రెండొందల యాభై.