వేవ్‌లు డిలీట్ చేసే ముందు ఫ్లాక్ కాపీ పెట్టుకోండన్నా

అన్నా, మీ నాన్నగారి నాదస్వరం కచేరీల వేవ్ ఫైల్స్‌తో (ఏమీ కుదించని ఆడియో) డిస్క్ నిండిపోయింది, అన్నీ ఆగ్ వోర్బిస్‌లోకి (శబ్దంలో కొంత వదిలేసి ఫైల్ చిన్నది చేసే ఫార్మాట్, కింద ఆగ్ అన్నా వోర్బిస్ అన్నా ఇదే) మార్చి వేవ్‌లు తీసేయొచ్చా అని అడిగినారు కదా. మార్చండి గానీ ఫ్లాక్ కాపీ లేకుండా వేవ్‌లు తీసేయొద్దు, ఆ తప్పు నేను చేసినా.

మాది పుత్తూరు దగ్గర పల్లె, ఇప్పుడు తిరుపతిలో ఉంటాం. ఊర్లో ద్రౌపదమ్మ గుడికాడ భారతం జరిగేటప్పుడు మధ్యాహ్నం పూట మా తాత హరికథ చెప్పేవాడు, రాత్రికి వీధినాటకం. ఆ హరికథ గంట క్యాసెట్లు 24 ఉంటే లాప్‌టాప్‌లోకి ఎక్కించినా, 44.1 కిలోహెర్ట్జ్ 16 బిట్ స్టీరియో వేవ్ అంటే నిమిషానికి 10 ఎంబీ పైనే, మొత్తం 15 జీబీ అయింది. చోటు లేదని తక్కువ బిట్‌రేట్ (సెకను శబ్దానికి వాడే డేటా) ఆగ్‌లోకి మార్చి వేవ్‌లు తీసేసినా. ఫోన్లో బాగానే ఉండింది, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చిడతల మోత నీళ్లలోంచి వస్తా ఉన్నట్టుంది, సరే మళ్ళీ ఎక్కిద్దామని చూస్తే రెండు క్యాసెట్ల టేపు తెగిపోయింది. ఆ రెండు గంటల తాత గొంతు ఇంక అంతే, ఇప్పటికీ బాధే.

ఫ్లాక్ అంటే శబ్దం ఏమీ పోకుండా ఫైల్‌ను కుదించే ఫార్మాట్, ఆగ్ లాగే ఇది కూడా ఓపెన్ సోర్సే, 2001 నుంచి ఉంది. ఆగ్ మాదిరి ఏదీ కోసేయదు, మళ్ళీ వేవ్ చేసుకుంటే శబ్దం బిట్టుకు బిట్టు అదే వస్తుంది. సైజు మామూలుగా సగానికి కాస్త అటూఇటూ, క్యాసెట్లో బుస్సుమనే శబ్దం ఎక్కువుంటే అంత తగ్గదు, ఎందుకంటే ఆ రొదలో ఒక వరస ఉండదు కాబట్టి కుదించడానికి దానికేమీ దొరకదు. కంప్రెషన్ లెవెల్ (ఎంత గట్టిగా కుదించాలో) 0 నుంచి 8 దాకా ఉంటుంది, 8 పెడితే క్వాలిటీ పోతుందని భయపడొద్దు, టైమ్ ఎక్కువ పడుతుంది అంతే. వెరిఫై ఆప్షన్ తప్పకుండా పెట్టండి, మార్చేటప్పుడే అసలుతో సరిచూసుకుంటుంది. అది సరిగ్గా పూర్తయి ఇంకో డిస్కులో ఒక కాపీ పడినాకే వేవ్‌లు తీసేయండి. రాగం పేరు, ఊరు, సంవత్సరం ట్యాగుల్లో తెలుగులోనే రాసుకోవచ్చు.

ఇంట్లోవాళ్ళకు వాట్సాప్‌లో పంపడానికైతే వోర్బిస్ కన్నా ఓపస్ మేలు, ఇది కూడా కొంత శబ్దం వదిలేసి చిన్నది చేసే ఫార్మాటే. హరికథలో మాటలకు మోనో 32 కేబీపీఎస్ (బిట్‌రేట్ కొలత) నాకు సరిపోయింది, గంటకు 14 ఎంబీనే, మీ నాదస్వరానికి మాత్రం స్టీరియో 128 పెట్టండి. ఏ కాపీ చేసినా ఫ్లాక్ నుంచే చేయండి, ఆగ్ నుంచి ఓపస్‌కు మార్చొద్దు, ఒకసారి పోయింది రాదు, ఇంకొంచెం పోతుంది.