తుపానులో ఫోన్ మూగబోతే...

ప్రశ్న: హుద్‌హుద్ అప్పుడు విశాఖలో ఉన్న అమ్మానాన్నలతో మాట్లాడలేక అల్లాడిపోయాం. టవరు నిలబడే ఉన్నా సిగ్నల్ ఎందుకు పోతుంది? మళ్ళీ అలాంటిదొస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: 2014 అక్టోబరు 12న గాలి కంటే కరెంటు లేకపోవడమే ఎక్కువ టవర్లను మూగబోయేలా చేసిందని చెప్పాలి. కరెంటు పోయాక టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తుంది, ఆ తర్వాత జనరేటరు. చెట్లు పడి దారి మూసుకుపోతే డీజిల్ చేరదు. చెట్లు వేళ్ళతో లేచినప్పుడు భూమిలోని ఫైబర్ కేబుల్ కూడా తెగుతుంది. అప్పుడు ఫోన్లో గీతలు నిండుగా కనిపించినా కాల్ కలవదు.

పదేపదే డయల్ చేయకండి, ఎస్సెమ్మెస్ పంపండి. దానికి క్షణం దారి దొరికినా చాలు. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉన్నా ఫోన్ కంపెనీ మెసేజి కేంద్రంలో నిలవుండి, ఆన్ చేశాక చేరుతుంది. తెలుగు లిపిలో ఒక మెసేజికి 70 గుర్తులే పడతాయి, గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. అదే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 160 పడతాయి. 'ఇద్దరం క్షేమం. హైస్కూల్లో ఉన్నాం. మళ్ళీ సాయంత్రం 6కి' అన్నంత చాలు.

తుపాను రాకముందే ఒక మాట అనుకోండి: విశాఖలోని బంధువులంతా మీ ఒక్కరికే కబురు పెట్టాలి, మిగతావాళ్ళకు మీరు చెప్పాలి. ఉదయం 7కి, సాయంత్రం 6కి పది నిమిషాలే ఫోన్ ఆన్ చేయమనండి. మిగతా సమయంలో ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి, ఎందుకంటే సిగ్నల్ కోసం వెతుక్కుంటూనే ఫోన్ బ్యాటరీ హరించుకుపోతుంది. ఇటీవలి తుపానుల్లో ఏ కంపెనీ టవరునైనా వాడుకునే వెసులుబాటు ఇస్తున్నారు. అది దానంతట కలవకపోతే నెట్‌వర్క్ సెట్టింగుల్లో 'ఆటోమేటిక్' తీసేసి, కనిపించిన పేర్లను ఒక్కొక్కటే నొక్కి చూడాలి. పెద్దవాళ్ళకు ఇది ఇప్పుడే ఒకసారి చేయించి చూపించండి.

ప్రశ్న: కరెంటు పోతే ఊళ్ళో మైకు పలకదు. అందరికీ కబురెలా చేర్చాలి?
– ఒక సర్పంచ్, కోనసీమ

జవాబు: గుడి మైకో, మసీదు మైకో, 12 వోల్టుల మీద కూడా నడిచే యాంప్లిఫైయర్ అయితే కారు బ్యాటరీ చాలు. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద 60 వాట్ల సెట్టును గంటకు ఐదు నిమిషాల చొప్పున వాడితే రోజు దాటి వస్తుంది. చెప్పడం అవగానే స్విచ్ ఆపాలి. ఎదురుగాలికి మాట వెనక్కి కొట్టుకుపోతుంది కాబట్టి ఊరు ఖాళీ చేయమనే మాట గాలి ముదరకముందే, పగలే చెప్పేయాలి. చాలాచోట్ల ఇక్కడే దెబ్బ తింటున్నాం. మైకు అందని శివారు పేటలకు దండోరా వేయించండి. వీధికి ఇద్దరిని పెట్టి, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు ముందుగా పంపండి.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. హోరు ఉన్నట్టుండి ఆగితే తుపాను కన్ను ఊరి మీద ఉందేమో. కాసేపటికి ఎదుటి దిక్కు నుంచి అంతే గాలి కొడుతుంది. రేడియోలోనో అధికారుల నుంచో కబురు అందేదాకా ఎవరూ గడప దాటకూడదు.

ప్రశ్న: ఇంట్లో పాత రేడియో ఉంది. పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: భేషుగ్గా. మీడియం వేవ్‌లో విజయవాడ 837, విశాఖ 927 కిలోహెర్ట్జ్. ముందే పెట్టి చూసుకోండి. పైకి లాగే కడ్డీ ఎఫ్.ఎం.కే. మీడియం వేవ్ ఏరియల్ సెట్టు లోపల ఉంటుంది గనుక సెట్టునే తిప్పి చూడాలి. ఇన్వర్టర్ పక్కన పెడితే గరగరమంటుంది. సెల్స్ బయట ఉంచండి, లోపలే వదిలేస్తే కారి సెట్టు పాడవుతుంది.

ప్రశ్న: 8 కంటే 9వ నంబరు ప్రమాద హెచ్చరిక పెద్దదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కాదు. తీవ్ర తుపాను రేవును తన ఎడమ పక్కన ఉంచి పోతే 8, కుడి పక్కన ఉంచి పోతే 9, రేవు మీదుగానో దగ్గరగానో పోతే 10. ఇక 11 తుపాను బలం చెప్పేది కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, అయినా వాతావరణం చెడబోతోందని రేవులోని అధికారి భావిస్తున్నారని దాని అర్థం.